బేస్ యాంప్‌లో ఆ గుంయ్ ఎక్కడిది?

(వినాయక చవితికి మూడు వారాల ముందు నల్గొండలో సౌండ్ సిస్టమ్‌లు నడిపేవారు, ఆర్కెస్ట్రా కళాకారులు, చర్చి వాద్యబృందాల యువకులు ఒకచోట కలుసుకున్నారు. అక్కడ ఒక యాంప్లిఫయర్ మెకానిక్ చేసిన ప్రసంగానికి రాతరూపం ఇది.)

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేటల నుంచే కాదు, పాలమూరు నుంచి కూడా పొద్దున్నే బస్సెక్కి వచ్చినవారు ఉన్నారు. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. ఈ బల్ల మీద రెండు బేస్ యాంప్‌లు, ఒక బేస్ గిటారు, మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ ఉన్నాయి. ముందు ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండా వినండి.

(యాంప్ ఆన్ చేశారు.)

విన్నారా? నేను వాయించడం లేదు. గిటారు భుజానికి ఉంది గానీ నా వేళ్లు తీగల మీద లేవు. అయినా పెట్టె గుంయ్‌మంటోంది. ఇంకొంచెం శ్రద్ధగా వినండి. ఆ గుంయ్ మీద సన్నగా జిర్రుమనే పొర ఒకటి ఉంది. కింద లావు శబ్దం, పైన సన్న శబ్దం. రెండూ ఒకటి కావు, రెండింటి పుట్టుకా ఒకటి కాదు. ఈ తేడా చెవికి పట్టుబడితే చాలావరకు మీ పని తేలికవుతుంది.

ఈ శబ్దం వస్తే మన దగ్గర మొదట జరిగేది ఏమిటో మీకు తెలుసు. మిక్సర్ దగ్గర ఉన్నవారు బేస్‌ను కిందికి దించేస్తారు. కీబోర్డు వినిపిస్తుంది, ప్యాడ్లు వినిపిస్తాయి, పాడేవారు వినిపిస్తారు. బేస్ వాయించే అబ్బాయి రాత్రి పదింటి దాకా వేళ్లు బొబ్బలెక్కేలా వాయించి, ఒక్క స్వరం కూడా జనానికి చేరకుండానే ఇంటికి వెళ్లిపోతాడు. 26 ఏళ్లుగా గడియారం చౌరస్తా దగ్గర దుకాణంలో యాంప్‌లు బాగుచేస్తున్నాను. అంతకు ముందు ఆరేళ్లు ఆర్కెస్ట్రాలో బేస్ వాయించాను. ఆ అబ్బాయి బాధ నాకు బాగా తెలుసు. బేస్ తగ్గించడం మరమ్మతు కాదు. పాటకు అడుగున ఉన్న నేలను తీసేయడం అది. ఈరోజు నేను ఇక్కడ నిలబడటానికి కారణం అదే.

దుకాణానికి వచ్చే ప్రతి ఒక్కరూ "అన్నా, హమ్మింగ్ వస్తోంది" అంటారు. జ్వరం వచ్చిందని చెప్పినట్టే అది. ఏ జ్వరమో చూడాలి కదా. కాబట్టి నేను తిరిగి అడుగుతాను: ఎప్పుడు వస్తోంది? ముట్టుకుంటే తగ్గుతోందా, పెరుగుతోందా? గిటారు తీసేస్తే ఉంటోందా? ఇంట్లో వస్తోందా, వేదిక మీద మాత్రమే వస్తోందా? ఈ నాలుగింటికి జవాబు చెప్పగలిగితే యాంప్ విప్పకుండానే సగం తేలిపోతుంది.

మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అమెరికాలో అది 60 సార్లు. అందుకే అక్కడివాళ్లు వీడియోల్లో చెప్పే లెక్కలు మనకు యథాతథంగా సరిపోవు. యాంప్ లోపల రెక్టిఫయర్ అనే భాగం ఆ ఊపులోని రెండు సగాలనూ ఒకే దిక్కుకు మళ్లిస్తుంది. దాంతో అక్కడ మిగిలే అల సెకనుకు 100 అవుతుంది. స్థూలంగా చెప్పాలంటే, 50 వినిపిస్తే శబ్దం బయటి నుంచి లోపలికి వస్తోందని, 100 వినిపిస్తే యాంప్ లోపలి పవర్ సప్లై బలహీనపడిందని అనుమానించాలి.

50కీ 100కీ తేడా చెవితో ఎలా పట్టాలి? ఖరీదైన పరికరం అక్కర్లేదు. మీ బేస్ గిటారే కొలబద్ద. లావు తీగ 'ఇ' 41 హెర్ట్‌జ్, అంటే సెకనుకు 41 ఊపులు. దాన్నే మూడో ఫ్రెట్ దగ్గర, అంటే గిటారు మెడ మీది మూడో అడ్డ పట్టీ దగ్గర, నొక్కితే 49. అన్నిటికంటే సన్న తీగ 'జి' ఏమీ నొక్కకుండా మీటితే 98. చూడండి ఎంత చక్కటి పొరుగు! 50 పక్కన 49 ఉంది, 100 పక్కన 98 ఉంది. ఈ రెండో యాంప్ పాతది, పవర్ సప్లైలో ఆ అలను నునుపు చేసే కెపాసిటర్లు ఎండిపోయాయి. దీన్ని అలాగే ఉంచి తెచ్చాను. గిటారు దీనికి పెట్టి జి తీగ మీటుతున్నాను, వినండి.

(జి తీగ మీటారు.)

స్వరం ఉబ్బుతూ తగ్గుతూ ఊయల ఊగుతోంది. ఊం... ఊం... లెక్కపెట్టండి, సెకనుకు దాదాపు రెండు. 100 లోంచి 98 తీసేస్తే మిగిలిన రెండే అది. గిటారు శ్రుతి సరిగ్గా ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది, అది మరిచిపోకండి. ఇలా జి తీగతో ఊయల గట్టిగా ఊగితే, గిటారు తీసేశాక కూడా ఆ గుంయ్ నిలిచి ఉంటే, ఆ యాంప్‌ను నేరుగా మెకానిక్ బల్ల మీదికి తీసుకురండి. వేదిక మీద దానికి మందు లేదు.

ఇప్పుడు మళ్లీ మొదటి యాంప్ దగ్గరికి వద్దాం. దీని గుట్టు మీ కళ్ల ముందే విప్పుతాను. అన్ని వైర్లూ తీసేశాను. కరెంటు ప్లగ్గు ఒక్కటే ఉంది. వాల్యూమ్ పెంచుతున్నాను. చూశారా, నిశ్శబ్దం. అంటే యాంప్ ఆరోగ్యంగా ఉంది. ఇప్పుడు లీడ్, అంటే గిటారు వైరు, పెట్టి దానికి గిటారు కలుపుతున్నాను. గిటారు మీది వాల్యూమ్ పూర్తిగా మూసి ఉంది. ఇప్పుడూ నిశ్శబ్దమే. అంటే లీడ్ కూడా బాగుంది. గిటారు వాల్యూమ్ తెరుస్తున్నాను. వచ్చింది! శబ్దం గిటారు ద్వారానే వస్తోందని తేలిపోయింది. వేదిక మీద మీకు ఇది ముప్పై సెకన్ల పని. ఒక్క జాగ్రత్త, గిటారు లేకుండా ఖాళీ లీడ్ చివర చేతిలో పట్టుకుని "ఇదిగో శబ్దం" అని చూపించేవారు ఉన్నారు. ఖాళీ లీడ్ ఎప్పుడైనా మోగుతుంది, అది యాంటెన్నాలా పనిచేస్తుంది. దాన్ని బట్టి ఏ తీర్పూ ఇవ్వకూడదు.

ఇప్పుడు తీగల మీద చెయ్యి వేస్తున్నాను. పైన ఉన్న జిర్రు చాలావరకు తగ్గింది, కింది గుంయ్ అలాగే ఉంది. ఎందుకు? మన ఒళ్లు కూడా గదిలోని కరెంటు తీగల నుంచి చిల్లర శబ్దాన్ని పోగుచేసి, గిటారు తీగల కింద ఉండే పికప్ మీదికి చేరవేస్తుంది. తీగలను తాకగానే ఒళ్లు గిటారు గ్రౌండ్‌తో కలిసిపోతుంది, ఆ చేరవేత ఆగుతుంది. ముట్టుకుంటే శబ్దం తగ్గితే వైరింగ్ సరైనదే, గిటారు లోపల రాగి రేకు అతికించే పని మిగిలి ఉందని అర్థం. వాల్యూమ్ కంట్రోల్స్ ఉండే గుంతలో, పికప్ గుంతలో రాగి రేకు అతికించి దాన్ని గ్రౌండ్‌కు కలపాలి. ముట్టుకుంటే శబ్దం పెరిగితే మాత్రం జాగ్రత్త. జాక్ దగ్గర రెండు తీగలు తారుమారైనా అలా జరగవచ్చు, సాకెట్‌లో ఎర్తు లేకపోయినా జరగవచ్చు. రెండోది ప్రమాదం. దాని సంగతి తరువాత చెబుతాను.

వెనుక కూర్చున్న తమ్ముడూ, నీ పక్కన గోడకు ఫ్యాను రెగ్యులేటర్ ఉంది చూడు, గుండ్రంగా తిరిగేది. దాన్ని ఆపు. నేను తీగల మీంచి చెయ్యి తీస్తాను.

(ఫ్యాను ఆపారు. సభలో చప్పట్లు.)

జిర్రు పోయింది! ఫ్యాను లేక మీకు ఉక్కపోస్తుంది, రెండు నిమిషాల్లో మళ్లీ వేద్దాం. ఈ రకం రెగ్యులేటర్ కరెంటు అలను ముక్కలుగా కోసి ఫ్యానుకు ఇస్తుంది. కోసిన చోట అంచు పదునుగా ఉంటుంది. ఆ పదును వందల నుంచి వేల హెర్ట్‌జ్ దాకా పరుచుకుని జోరీగలా చెవిలో రొద పెడుతుంది. స్టేజి లైట్ల డిమ్మర్లు చేసేదీ ఇదే. నాసిరకం ఎల్ఈడీ సీరియల్ సెట్లు, పాత ట్యూబ్‌లైట్ చోకులు కూడా ఈ కుటుంబానివే. మండపంలో రంగురంగుల సీరియల్ సెట్లు వెలిగించగానే బేస్ జిర్రుమంటే యాంప్‌ను తిట్టకండి. సెట్లు ఒక్కొక్కటే ఆపి చూడండి.

ఇక మిగిలింది కింది గుంయ్. నేను గిటారుతో పాటు మెల్లగా పక్కకు తిరుగుతున్నాను. తగ్గింది. ఇంకా తిరిగితే మళ్లీ పెరిగింది. ముఖం తిప్పితే మారే శబ్దం అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చేది. పికప్ అంటే ఏమిటి? అయస్కాంతం చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. తీగ కంపనాన్ని పట్టడానికి దాన్ని తయారుచేశారు. కానీ పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే 50 హెర్ట్‌జ్ క్షేత్రం కూడా అదే కాయిల్‌లోకి దూరుతుంది. కాయిల్‌కు ఆ రెండింటి మధ్య తేడా తెలియదు. దీనికి రాగి రేకు కూడా మందు కాదు, ఎందుకంటే ఆ పల్చని రేకు 50 హెర్ట్‌జ్ అయస్కాంత క్షేత్రాన్ని ఆపలేదు. రేకంతా అతికించాక కూడా గుంయ్ పోలేదని నా దగ్గర వాపోయినవారికి నేను చెప్పేది ఇదే.

దీనికి పెద్దలు చాలా కాలం క్రితమే అందమైన ఉపాయం కనిపెట్టారు. రెండు కాయిల్స్ తీసుకుని ఒకదానిని రెండోదానికి ఎదురు దిక్కులో చుట్టి, అయస్కాంతాలను కూడా తిరగేసి పెట్టారు. బయటి శబ్దం రెండింటిలో ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి మింగేస్తుంది. తీగ స్వరం మాత్రం రెండింటిలో ఒకే దిక్కున పుట్టి కలుస్తుంది. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఇంజినీరు 1955లో గిటారు కోసం ఇలాంటి హంబకర్‌కు పేటెంటు దరఖాస్తు చేశారు. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో మొదట ఒకే కాయిల్ ఉండేది. 1957లో దాన్ని రెండు ముక్కల పికప్‌గా మార్చారు, ఆ రెండు ముక్కలు కలిసి హమ్మును చంపుతాయి. నా భుజానికి ఉన్నది 1960లో వచ్చిన జాజ్ బేస్ నమూనా. దీనిలో రెండు పికప్‌లు, రెండు వాల్యూమ్ గుండీలు. ఇందాకటి నుంచి నేను ఒకటే తెరిచి పెట్టాను. ఇప్పుడు రెండోదీ పూర్తిగా తెరుస్తున్నాను.

(గుండీ తిప్పారు.)

పోయింది. ఒక్క పైసా ఖర్చు లేదు. ఈ రకం బేస్ వాయించేవారిలో చాలామంది స్వరం కోసం ఒక గుండీని కాస్త తగ్గించి పెడతారు, తెలియకుండానే గుంయ్‌ను పిలుస్తారు. శబ్దం ఎక్కువగా ఉన్న చోట రెండు గుండీలూ సమానంగా పెట్టండి. స్వరం మార్చుకోవాలంటే యాంప్ మీద మార్చుకోండి. ఫ్యాను వెయ్యి తమ్ముడూ.

లీడ్ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం దండగ. నా దుకాణానికి వచ్చే హమ్మింగ్ ఫిర్యాదుల్లో నాకు ఎక్కువగా కనిపించేది లీడే. కిందటి ఏడాది పాలమూరు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. శబ్దం పోలేదని రెండుసార్లు యాంప్ మార్చాడు. మూడోది కొనడానికి అప్పు చేయబోతున్నాడు. లీడ్ తెచ్చావా అని అడిగాను. సంచిలోంచి తీశాడు. మన దుకాణాల్లో పి-38 అని అడిగే జాక్ ఉంటుంది కదా, దాని గొట్టం తిప్పి వెనక్కి జరిపాను. మధ్య తీగ చిన్న కొనకు గట్టిగానే అతికి ఉంది. దాని చుట్టూ జాలీలా అల్లి ఉండే సన్నని రాగి పోచలు పెద్ద రేకుకు అతికి ఉండాలి. వాటిలో మూడో నాలుగో మాత్రమే మిగిలాయి. మిగతావన్నీ మెడ దగ్గర విరిగి చీపురు పుల్లల్లా విచ్చుకున్నాయి. టంకం బూడిద రంగులో గరుకుగా ఉంది. బాగా అతికిన టంకం నునుపుగా మెరుస్తుంది. బూడిద రంగులో గింజకట్టి ఉందంటే వేడి చాలక పైపైన కూర్చుందని అర్థం. రెండు అంగుళాలు కోసేసి, పోచలన్నీ ఒక్కటిగా మెలితిప్పి, రేకును ముందు వేడి చేసి, ఆ వేడికి టంకం దానంతటదే పారేలా అతికించాను. పది నిమిషాల పని. ఆ అబ్బాయి ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. అప్పటిదాకా కొన్న యాంప్‌లలో ఏ తప్పూ లేదు.

ఇంకో సంగతి. స్పీకరు లీడ్‌కూ గిటారు లీడ్‌కూ చివర అదే జాక్ ఉండవచ్చు, బయటికి ఒకేలా కనిపించవచ్చు. లోపల రెండూ వేరు. స్పీకరు లీడ్‌లో రెండు లావు తీగలు పక్కపక్కనే వెళ్తాయి, జాలీ ఉండదు. దాన్ని గిటారుకు పెడితే ఊళ్లోని శబ్దమంతా లోపలికి వస్తుంది. గిటారు లీడ్‌ను స్పీకరుకు పెడితే సన్న తీగ వేడెక్కుతుంది, యాంప్‌కే ముప్పు. రెండింటికీ రెండు రంగుల టేపు చుట్టి పెట్టుకోండి.

ఇప్పుడు వేదిక మీద మాత్రమే వచ్చే శబ్దం. ఇంట్లో యాంప్ నిశ్శబ్దంగా ఉంటుంది, మండపంలో మిక్సర్‌కు లైను ఇవ్వగానే గుంయ్ మొదలవుతుంది. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. మన గొలుసుకట్టు చెరువులు మీకు తెలుసు. పానగల్లు ఉదయసముద్రం దగ్గర పెరిగినవారికి నేను విడమరచి చెప్పనక్కర్లేదు. రెండు చెరువుల్లో నీటి మట్టం ఒకటే అయితే మధ్య కాలువలో నీరు కదలదు. ఒకదానిలో మట్టం జానెడు ఎక్కువైనా కాలువ పారుతుంది. యాంప్ వేదిక పక్క బోర్డులోంచి కరెంటు తీసుకుంది, దానికి ఒక ఎర్తు. మిక్సర్ వంద అడుగుల దూరంలో వేరే ఇంటి బోర్డులోంచి తీసుకుంది, దానికి ఇంకో ఎర్తు. ఆ రెండు ఎర్తుల మట్టం ఒకటి కాదు. మధ్యలో మీరు వేసిన ఆడియో వైరు జాలీయే కాలువ. ఆ కాలువలో పారే కరెంటే మీకు గుంయ్‌మని వినిపిస్తోంది.

మందు తెలిసింది కదా. రెండు చెరువులను ఒకటి చేయండి. యాంప్, మిక్సర్, కీబోర్డు, మైకు రిసీవర్ అన్నీ ఒకే చోటి నుంచి వచ్చే ఒకే లావు ఎక్స్‌టెన్షన్ నుంచి తీసుకోండి. లైట్లకు వేరే లైను ఇవ్వండి. సౌండ్ సామానును రెండు ఫేజుల మీద పంచకండి, ఫేజుకూ ఫేజుకూ మధ్య 400 వోల్టులు ఉంటాయి. సిగ్నల్ వైర్లను కరెంటు వైర్ల వెంట పక్కపక్కనే లాగకండి. దాటక తప్పకపోతే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. మిగిలిన ఎక్స్‌టెన్షన్ వైరును చుట్ట చుట్టి గిటారు లీడ్ పక్కన పడేయకండి. ఇంత చేశాక కూడా లూప్ మిగిలితే యాంప్‌కూ మిక్సర్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు అనే చిన్న పెట్టె పెట్టండి. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్ ఉంటుంది. అది ఆడియో వైరు జాలీని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్తును కాదు. కాలువకు అడ్డు వేస్తుంది గానీ చెరువు కట్టను తెంపదు.

కట్టను తెంపేవారు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఇక్కడ కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

మూడు పిన్నుల ప్లగ్గులో పైన లావుగా, పొడుగ్గా ఉండే పిన్ను ఎర్తు. పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు అదే తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర అదే విడిపోవాలి. అందుకే దాన్ని పొడుగ్గా చేశారు. ఆ పిన్ను విరగ్గొట్టి, లేదా లోపల ఆకుపచ్చ తీగ కత్తిరించి "హమ్మింగ్ పోయింది" అనేవారిని నేను ప్రతి సీజనులో చూస్తాను. పోతుంది, నిజమే. లూప్ తెగింది కాబట్టి పోతుంది. ఆ యాంప్‌లో ఎప్పుడో ఒకరోజు ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతింటుంది. 230 వోల్టులు యాంప్ ఒంటి మీదికి వస్తాయి. అక్కడి నుంచి లీడ్ జాలీ మీదికి, అక్కడి నుంచి గిటారు తీగల మీదికి. ఆ తీగల మీద ఒక అబ్బాయి చెయ్యి ఉంటుంది. కోరస్ పాడటానికి అతను మైకు దగ్గరికి వంగుతాడు. మైకు మిక్సర్ ద్వారా ఎర్తుకు కలిసి ఉంటుంది. చేతి నుంచి పెదవికి, మధ్యలో గుండె.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 1972 మేలో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వే ఎర్తు సరిగా లేని మైకును ముట్టుకుని వేదిక మీదే చనిపోయారు. ఆయన వయసు 27. మీలో చాలామంది వయసే. మైకు పెదవికి తగిలితే చురుక్కుమందని నవ్వుకునేవారిని నేను చూశాను. ఆ చురుకు హెచ్చరిక. అక్కడే వాయించడం ఆపేయండి, కార్యక్రమం ఆగినా ఫరవాలేదు.

దేవరకొండ వైపు ఒక చర్చిలో వారం వారం ఈ చురుకు వస్తోందని పిలిచారు. సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టాను. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 228. ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే ఉండాలి, కానీ 140 దగ్గర ఊగిసలాడుతోంది. ఎర్తు తెగిందన్నమాట. వైరు వెంట నడుచుకుంటూ ప్రహరీ పక్కన ఎర్తు గుంత దగ్గరికి వెళ్లాం. మూత తీస్తే పైపు దగ్గర బోల్టు తుప్పు పట్టి పొడిపొడిగా రాలిపోయింది. ఆకుపచ్చ తీగ గాలిలో వేలాడుతోంది. కొత్త క్లాంపు, కొత్త బోల్టు వేసి బిగించాం. చురుకు పోయింది. తీగలు ముట్టుకుంటే పెరిగే ఆ జిర్రు కూడా అదే నిమిషంలో పోయింది.

మన నేల సంగతి కూడా ఆలోచించండి. పైన ఎర్ర చెల్క, కింద గ్రానైటు రాయి. ఎండాకాలంలో తేమ ఉండదు, పొడి నేల కరెంటును తేలిగ్గా తీసుకోదు. అందుకే గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీళ్లు పోస్తూ ఉండాలి. నీళ్లు పోస్తే గుంయ్ తగ్గుతుందని నేను చెప్పడం లేదు, ప్రాణానికి కాపలాగా పోయమంటున్నాను. దానితో పాటు వేదిక లైనుకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పెట్టించండి. ఒంటి గుండా కరెంటు లీకైతే క్షణంలో ఆపేస్తుంది. జాతరల్లో జనరేటర్ మీద వాయించేటప్పుడు దాని ఒంటిని కూడా ఎర్తు చేశారో లేదో అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

పవర్ సప్లై కెపాసిటర్ల గురించి ఇందాక చెప్పాను. వాటి లోపలి ద్రవం వేడికి ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని లెక్క. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు మామూలే, పైగా యాంప్‌లను రేకుల షెడ్లలో పెడతాం. మార్చేటప్పుడు 105 డిగ్రీల రకం వేయించండి, వోల్టేజి పాతదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. ప్లగ్గు తీశాక కూడా అవి ఛార్జి పట్టి ఉంచుతాయి. నేర్చుకోనివారు పెట్టె విప్పవద్దు.

స్పీకరు శబ్దం సంగతి ఒక్క మాటలో: వాయించినప్పుడే జిర్రుమని, ఆపగానే ఆగిపోయేది కరెంటు దోషం కాదు. స్పీకరు ముందు జాలీ మరలు వదులైతే బిగించండి. స్పీకరు కోన్ (ఊగే కాగితపు గిన్నె) మీద నాలుగు వేళ్లు సమానంగా ఆనించి మెల్లగా నొక్కండి. గీసుకున్న చప్పుడు వస్తే కాయిల్ రాసుకుంటోంది, రీకోనింగ్‌కు, అంటే కోన్, కాయిల్ మార్పించడానికి, ఇవ్వాలి. యాంప్ ఆపేసినా తీగ దగ్గర టర్రుమంటే అది ఫ్రెట్లకు తగులుతోంది, గిటారు మెడ సరిచేయించాలి.

(సభలోంచి: "అన్నా, నాయిస్ గేట్ పెడల్ కొంటే ఇదంతా ఎందుకు?")

మంచి ప్రశ్న. గేట్ అంటే తలుపు. నువ్వు వాయించనప్పుడు మూసుకుంటుంది, వాయించగానే తెరుచుకుంటుంది. తెరుచుకున్నప్పుడు నీ స్వరంతో పాటు గుంయ్ కూడా లోపలికి వస్తుంది. చర్చిలో నెమ్మది పాటలు వాయిస్తావు కదా తమ్ముడూ, స్వరం చివర మెల్లగా కరిగిపోవాల్సిన చోట అది టక్కున కోసేస్తుంది. ముందు దోషం తీసేయి. ఆ తర్వాత మిగిలిన కొద్దిపాటి సిస్సుమనే శబ్దానికి కావాలంటే గేట్ వాడుకో.

(సభలోంచి ఒక అక్క: "ట్రాకులు ల్యాప్‌టాప్ నుంచి వేస్తాం. ఛార్జర్ పెట్టినప్పుడే జిర్రు వస్తుంది.")

అక్కా, మీరు సగం జవాబు మీరే చెప్పేశారు. ముందు ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. శబ్దం పోతే దారి అదే. ఛార్జర్ లోపల వేగంగా ఆడే స్విచింగ్ సర్క్యూట్ ఉంటుంది, దాని నుంచి కొద్దిగా కరెంటు ల్యాప్‌టాప్ ఒంటి మీదికి లీకవుతుంది. హెడ్‌ఫోను రంధ్రం నుంచి మీరు వేసిన వైరు దాన్ని మిక్సర్‌కు మోస్తుంది. కార్యక్రమానికి ముందే బ్యాటరీ నిండా ఛార్జి చేసుకోండి. పెద్ద కార్యక్రమాలకు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్టీరియో డీఐ బాక్సు ఒకటి ఉంచుకోండి. చర్చికి అది ఒక్కసారి ఖర్చే, ఏళ్ల తరబడి పనికొస్తుంది.

లీడ్‌లు తెచ్చినవారు ఆ మూల బల్ల దగ్గర వరుసలో నిలబడండి. ఒక్కొక్కటీ విప్పి చూద్దాం. ఎర్ర బేస్ గిటారు తెచ్చిన తమ్ముడూ, తీగలు ముట్టుకుంటే శబ్దం పెరుగుతోందని పొద్దున చెప్పావు కదా, నువ్వు ముందుకు రా. ఇంకా గిటారు పెట్టకు. ముందు సాకెట్ కొలుద్దాం.

(మీటర్ పెట్టారు.)

ఫేజుకూ న్యూట్రల్‌కూ 231. ఫేజుకూ ఎర్తుకూ 230. న్యూట్రల్‌కూ ఎర్తుకూ ఒక వోల్టు. ఇక్కడ ఎర్తు బాగానే ఉంది. అయితే చూడాల్సింది నీ గిటారు జాకే. ఆ చిన్న స్క్రూడ్రైవర్ ఇటు ఇవ్వండి.